రాత్రి ఒంటిగంటకి పిల్లల ఎమర్జెన్సీ: 3 స్టార్లు

విజయవాడ సూర్యారావుపేటలో ఉన్న ఈ పిల్లల ఆసుపత్రికి మేం వెళ్లింది పోయిన శుక్రవారం, రాత్రి ఒంటిగంటకి. పాపకి రెండున్నరేళ్లు. ముక్కు కారుతోంది, జ్వరం 102.6. పెద్ద జబ్బేం కాదని నాకూ తెలుసు. అయినా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కి వచ్చేశాం.

మా అక్క కొడుక్కి ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. అది కళ్లారా చూశాక 102 దాటితే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. ఎప్పుడూ చూపించే డాక్టరుగారి క్లినిక్ తొమ్మిదిన్నరకే కట్టేస్తారు, ఫోనేమో కాంపౌండర్ దగ్గరుంటుంది. మా అమ్మ అప్పటికే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి దుర్గమ్మకి మొక్కేసింది. "పొద్దున దాకా ఆగుదామంటే మీరే మేలుకుని కూర్చోండి" అంది మా ఆవిడ. బండి తాళం తీశాను.

కౌంటర్లో ముందు 600 కట్టందే పేరు కూడా రాసుకోలేదు. తర్వాత ముప్పావుగంట వెయిటింగ్. హాల్లో ఉన్నవాళ్లంతా మా బాపతే. ఆటోనగర్లో పనిచేసే ఒకాయనైతే, పగలు తీసుకొస్తే ఆ రోజు కూలి పోతుందని రాత్రే తెచ్చానన్నాడు.

డ్యూటీ డాక్టరమ్మకి మాత్రం దండం పెట్టాలి. పాప గౌను పైకెత్తి, వాచీ చూసుకుంటూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. "ముప్పై రెండు. ఈ వయసుకి నలభై దాటితే ఆలోచించాలి" అంది. నీళ్లు తాగుతోందా, ఉచ్చ పోస్తోందా, జ్వరం దిగినప్పుడు ఆడుతోందా అని అడిగింది. మందు ఎంత పోస్తున్నారంటే 5 ఎం.ఎల్. అన్నాం. అది పాప 8 కిలోలున్నప్పుడు రాసిన చీటీ! ఇప్పుడు తూస్తే 12. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 180 దాకా పడాలి, మా 125 సిరప్‌తో (అంటే 5 ఎం.ఎల్.కి 125 మిల్లీగ్రాములు) 125 మాత్రమే పడుతోంది. 7 ఎం.ఎల్. పొయ్యమంది, ఆరుగంటల తేడాతో. 250 సీసా కూడా ఉంటుందనీ, అందులోంచి 7 పోస్తే డోసు రెట్టింపవుతుందనీ, కొనేటప్పుడు అంకె చూసుకోమనీ చెప్పింది.

ఫిట్స్ సంగతి అడిగాను. సిరప్ వాటిని ఆపదట, పిల్లకి ఒళ్లు తేలికపడుతుందంతే. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి. "చేతిలో తాళాలు పెడతారా మీవాళ్లు?" అని నవ్వింది. మా అమ్మ తల దించుకుంది.

రెండు స్టార్లు కోసింది ఎందుకంటే, ఇంత చెప్పినా చీటీ మీద సిరప్ పేరు తప్ప ఇంకేమీ లేదు. ఇంటికొచ్చి నేనే కేలెండర్ వెనక రాసి పెట్టుకున్నాను. ఇదే ముక్క రాత్రిపూట ఫోన్లో చెప్పే మనిషిని పెడితే, ఆ హాల్లో సగం మంది గడప దాటేవాళ్లు కాదు. దానికి 200 తీసుకున్నా ఇస్తాం.

పార్కింగ్ లేదు. బండి ఎదురుగా మెడికల్ షాపు ముందు పెట్టుకోవాలి, వాడేమీ అనడు.