స్టీలు బాక్సు బాగానే ఉంది, రింగే దొరకదు

ఎన్ని గిన్నెలు, ఎంత అన్నం పడుతుంది, స్టీలు ఏ రకం అనేవన్నీ అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి వెళ్ళను. మూతకు చుట్టూ నాలుగు క్లిప్పులు, మూత లోపలి గాడిలో తెల్లటి సిలికాన్ రింగు ఉన్న గుండ్రటి స్టీలు బాక్సు నాది. మూడేళ్ళు దాటింది వాడబట్టి. నా గొడవంతా ఆ రింగుతోనే.

కొన్న కొత్తలో ఆ రింగునే అందరికీ పొగిడి చెప్పేదాన్ని. పప్పుచారు పోసి, బాక్సును బ్యాగులో ఎలా పడితే అలా పడేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో ఆ తోపులాటలో దిగినా చుక్క కారేది కాదు. అంతకుముందు ప్లాస్టిక్ డబ్బాను కవర్లో చుట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టి తీసుకెళ్ళేదాన్ని. రోజుకు రెండు కవర్లు చెత్తబుట్టలోకే. అది పూర్తిగా ఆగిపోయింది.

నేను అనుకోని లాభం కర్రీ పాయింట్ దగ్గర కనిపించింది. ఇంట్లో అన్నం ఒక్కటి వండుకుని కూర బయట తెచ్చుకునే రోజులు మాకు ఎక్కువే. మరుగుతున్న సాంబారును పలచటి కవర్లో పోసి మూతి ముడేసి ఇస్తారు చూడండి, అది నాకు మొదటి నుంచీ పడదు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, ప్లేట్లు నిషేధం అన్నారు గానీ మా వీధిలో సాంబారు కవరు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. బాక్సు చాపితే విసుక్కుంటాడేమో అనుకుంటే, ఆయన "మంచిదే కదమ్మా, కవరు ఖర్చు నాకూ తప్పుద్ది" అని ఇంకో అరగరిటె వేసి ఇచ్చాడు. అయితే ఇది పొద్దున పదిలోపు మాట. సాయంత్రం వెళితే కూరలన్నీ ముందే కవర్లలో కట్టి వరసగా పెట్టేసి ఉంటాయి. అప్పుడు బాక్సు తీసుకెళ్ళి ఉపయోగం లేదు, కవరు విప్పి దాన్లో పోసి ఇస్తారంతే.

చుక్క కారదని చెప్పాను కదా, దానికీ ఒక మెలిక ఉంది. పొగలు కక్కే అన్నం పెట్టి వెంటనే క్లిప్పులు వేస్తే మధ్యాహ్నానికి మూత రాదు. లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి మూతను కిందికి నొక్కి పట్టేస్తుంది. మా ఆఫీసులో ఈ మూతతో కుస్తీ పట్టని మగవాళ్ళు లేరు. రింగు అంచు కింద చెంచా కొస దూర్చి కాస్త గాలి పోనిస్తే ఊడొస్తుంది. కానీ అలా దూర్చిన ప్రతిసారీ రింగు మీద ఒక గాటు పడుతుంది. ఈ మధ్య కొన్ని బాక్సుల మూత మీద చిన్న గాలి బిళ్ళ పెడుతున్నారు, అది ఎత్తితే సరిపోతుంది. నాదానికి లేదు.

ఇక వాసన. సిలికాన్ నూనెను పీల్చుకుంటుంది, నూనెతోపాటు వెల్లుల్లి, ఇంగువ వాసనల్నీ. ఆవకాయ అన్నం తీసుకెళ్ళిన మర్నాడు పెరుగన్నం పెడితే పెరుగన్నం కూడా ఆవకాయే. సబ్బుతో ఎంత తోమినా పోదు. రింగు ఊడదీసి ఎండలో పెడితే పసుపు మరక పోతుంది, వాసన సగం తగ్గుతుంది. వానాకాలంలో ఆ సగం కూడా ఆశించకండి.

ఇవన్నీ సర్దుకుపోయే విషయాలే. రెండో ఎండాకాలం దాటాక రింగు సాగింది. గాడిలో ఒక వైపు నొక్కితే ఇంకో వైపు లేస్తుంది. ఒకరోజు మెట్రో దిగేసరికి బ్యాగు అడుగంతా టమాటా చారు. ఆఫీసు ఫైలు, గొడుగు, ఛార్జర్ అన్నీ దాన్లోనే.

కంపెనీకి ఫోన్ చేశాను. రింగు విడిగా అమ్మరట. పోనీ మూత ఇస్తారా అంటే మూతా ఇవ్వరట. "మేడమ్, ఆ మోడల్ కొత్తది ఇప్పుడు ఆఫర్లో ఉంది" అన్నాడు అవతలి అబ్బాయి, చాలా మర్యాదగా. తలుపు గొళ్ళెం ఊడితే ఇల్లు మారమన్నట్టుంది. పెట్టె మీద మాత్రం ఆకుపచ్చ ఆకు బొమ్మేసి, చెత్త లేని భోజనం అని పెద్దక్షరాల్లో రాశారు. సొట్ట కూడా పడని స్టీలును పాత సామాన్లవాడికి వేయమనడమేనా చెత్త లేకపోవడం?

పంతం పట్టి మూత తీసుకుని బేగంబజార్ వెళ్ళాను. హైదరాబాద్‌లో గిన్నెలకు సంబంధించి అక్కడ దొరకనిది ఉండదని మా అత్తగారి నమ్మకం. కుక్కర్ రబ్బర్లు గోడ నిండా వేలాడుతున్నాయి. కొట్టాయన మూత తిప్పి చూసి, గాడిలో గోరు పెట్టి కొలిచి, "కుక్కర్‌ది అయితే ఏ సైజైనా ఇస్తనమ్మా. ఈ డబ్బాలకు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మీ తోటి ఇది ఆరో పదో మూత, ఎవరికీ పడ్తలేదు" అన్నాడు. పక్క వీధిలో కుక్కర్లు బాగుచేసే అతను దగ్గరి సైజు రింగు ఒకటి కత్తిరించి అతికించి ఇచ్చాడు. పొడి కూరకు ఆగుతుంది, చారుకు ఆగదు.

మా అమ్మ క్యారేజీ ఇప్పటికీ ఇంట్లో ఉంది. గిన్నె మీద గిన్నె, పక్కన రెండు పట్టీలు, రబ్బరన్నదే లేదు. గిన్నె అంచు మీద కొట్టులోనే చెక్కించిన అమ్మ పేరు, పెళ్ళయిన ఏడాది. ఓసారి పట్టీ వదులైతే సామాన్ల కొట్టతను సుత్తితో రెండు దెబ్బలేసి బిగించాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. అలాగని దాన్ని గొప్ప చేసి చెప్పను. నిలబెట్టి పట్టుకుంటేనే క్షేమం, వంచితే కారుతుంది, మెట్రో రద్దీలో చేతికి ఒక బరువు. ఇప్పుడు నా ఏర్పాటు ఇది: పులిహోర, ఉప్మా, వేపుడు ఉన్న రోజు ఈ క్లిప్పుల బాక్సు, పప్పుచారో, మజ్జిగ పులుసో ఉన్న రోజు అమ్మ క్యారేజీ, ఒళ్ళో పెట్టుకుని. సీటు దొరకని రోజు ఆ పులుసు సంగతి అడక్కండి.

కొనమంటారా అంటే, మీ ప్రయాణాన్ని బట్టి చెప్పాలి. కారులోనో, దగ్గర్లోనో ఆఫీసైతే రింగులేని క్యారేజీయే చాలు, ధరా తక్కువ. నాలాగా నిలబడి వెళ్ళేవాళ్ళకు క్లిప్పుల బాక్సు రెండేళ్ళు సుఖంగా ఉంటుంది, ఇంట్లో రోజూ చారు కాచే అలవాటు లేకపోతే ఇంకో ఏడాది కూడా లాగొచ్చు. కొట్టులో ధర అడిగే ముందు రింగు విడిగా ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే ఆ రోజే రెండు కొని పక్కన పెట్టుకోండి, ఆ మోడల్ వచ్చే ఏడాది ఉంటుందన్న నమ్మకం లేదు.