దాతల విందుకి పంక్తి భోజనం: కాకినాడ కేటరింగ్ వాళ్ళ గురించి నాలుగు మాటలు

వంటకీ వడ్డనకీ వీళ్ళని కళ్ళు మూసుకుని పిలవచ్చు. డెకరేషన్ మాత్రం అప్పజెప్పకండి. బిల్లు విషయంలో ఒక పేచీ ఇంకా తేలలేదు, అందుకే పేరు రాయడం లేదు.

మాది ఆడపిల్లల కాలేజీ ఫీజులు కట్టే చిన్న ట్రస్టు. బ్యాంకులో చేసి రిటైరయ్యానని కోశాధికారి పని నా నెత్తిన పెట్టారు. ఫీజులకి డబ్బిచ్చే దాతలందరినీ ఒక రాత్రి భోజనానికి పిలుద్దామని కమిటీలో అనుకున్నాం. ఖర్చు విరాళాల్లోంచి తియ్యలేదు, కమిటీవాళ్ళం తలా కొంత వేసుకున్నాం. ఆ సంగతి ఆహ్వానంలోనే రాశాం. లేకపోతే ‘మేమిచ్చిన డబ్బుతో మాకే విందా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా.

థీమ్ గురించి పెద్దగా తర్జనభర్జన జరగలేదు. అన్నదానమంటే కోనసీమలో ముందు గుర్తొచ్చేది డొక్కా సీతమ్మ గారే. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా గోదావరి పాయలు దాటి ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టిన మనిషి. బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపొస్తే కూడా వెళ్ళలేదని మావైపు చెప్పుకుంటారు. ఆవిడ పేరు మీద విందు పెట్టి, ‘ప్లాటినం దాత’, ‘గోల్డ్ దాత’ అని కుర్చీలకి చీటీలు అంటిస్తే ఏం బావుంటుంది? అందుకే ఫ్లెక్సీ మీద ఎవరెంత ఇచ్చారో వెయ్యలేదు. బఫే కూడా వద్దన్నాం. అరిటాకు, పంక్తి, వడ్డన. అంతే.

కేటరింగ్ యజమానికి ఇది మొదట అర్థం కాలేదు. ఆయన దగ్గర ‘గోదావరి థీమ్’ అని ఒక ప్యాకేజీ ఉంది. గేటు దగ్గర థర్మోకోల్ పడవ, వెనక ఎల్‌ఈడీ తెర మీద పారే నీళ్ళు, తలపాగాలు చుట్టుకున్న కుర్రాళ్ళు. పడవ వద్దంటే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. సరే, గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు కట్టమంటే, కట్టిన వాటిలో సగం ప్లాస్టిక్ పూలు! మా వాచ్‌మన్ వెళ్ళి మార్కెట్ నుంచి అసలు పూలు తెచ్చాడు.

ఇంకో సలహా కూడా ఇచ్చాడాయన: ‘మేడం, ఆ పిల్లల చేత వడ్డించండి, ఫొటోలు బాగా వస్తాయి.’ ఇక్కడ మాత్రం నేను గట్టిగానే చెప్పాను. ఫీజు కట్టించుకున్నందుకు పిల్ల వచ్చి వంగి వడ్డించాలా? పిల్లలు కూడా పంక్తిలోనే కూర్చుంటారు, దాతల మధ్యలో, ఒకాకు విడిచి ఒకాకు. స్టేజీ ఎక్కించి కృతజ్ఞతలు చెప్పించడం కూడా లేదు. వడ్డన మీవాళ్ళదే అన్నాను. ‘ఆయ్, అలాగేనండి’ అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు.

వాళ్ళ వడ్డన పెద్ద గురించి చెప్పి తీరాలి. అరవై దాటిన మనిషి, తెల్లపంచె, భుజాన తువ్వాలు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కువని బల్లలు వేయించాం. ఆయన ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి ఆకు కొస ఎడమ పక్కకి ఉందో లేదో చూసుకున్నాడు. ముఖ్య అతిథి ఉపన్యాసం ఎంతకీ ముగియలేదు. చాలాచోట్ల ఈలోపు అన్నీ వడ్డించేస్తారు, చప్పట్లు కొట్టేసరికి అన్నం చల్లారిపోతుంది. ఈయన ఆకుల మీద ఉప్పు, ఆవకాయ, పూర్ణం బూరె మాత్రం వేయించి, మైకు కింద పెట్టేదాకా అన్నం గంపలు కదలనివ్వలేదు. తర్వాత మామిడికాయ పప్పు మీద కరిగిన నెయ్యి పొగలు కక్కుతూ పడింది. షుగరున్నవాళ్ళని ముందే అడిగి గుర్తుపెట్టుకుని, బూరె దగ్గర వాళ్ళని బలవంతం చెయ్యలేదు. బిడియపడే పిల్లలకి మాత్రం అడక్కుండానే మారు వడ్డించాడు.

మేం పనసపొట్టు కూర అడిగితే, ‘ఆషాఢంలో లేత పనస ఎక్కడిదండీ, ముదురుది కొట్టి పెడితే పీచు పీచుగా ఉంటుంది’ అని వంట మేస్త్రి ఒప్పుకోలేదు. బదులుగా కంద బచ్చలి చేశాడు, ఆవ పెట్టి. నిజాయితీగా వద్దనే వంటవాణ్ణి నేను ఎక్కువ నమ్ముతాను. ముక్కల పులుసు బాగుంది. గుత్తివంకాయలో నూనె మరీ ఎక్కువ. ఆత్రేయపురం పూతరేకులు బెల్లంవి తెప్పించారు, పొర నోట్లో పెట్టగానే కరిగింది. చారులో మిరియం ఘాటు మా అధ్యక్షుడికి దగ్గు తెప్పించింది, నాకు మాత్రం నచ్చింది.

లోపం చివరి పంక్తిలో జరిగింది. గడ్డ పెరుగు అయిపోయి మజ్జిగ పోశారు. ఆ పంక్తిలో కూర్చున్నది మా కమిటీవాళ్ళం, డ్రైవర్లు. దాతలు కాదు కదా అని యజమాని సర్దిచెప్పబోయాడు. సీతమ్మ గారి బొమ్మ కింద నిలబడి అనాల్సిన మాట కాదది.

తాంబూలంతో పాటు ఒక్కొక్కరికీ కవరు ఇచ్చాం. అందులో వాళ్ళ 10బీఈ సర్టిఫికెట్ (ఆదాయపన్ను లెక్కల్లో చూపించుకునే విరాళం పత్రం), వాళ్ళ డబ్బుతో ఏ కోర్సుకి ఎంత ఫీజు కట్టామో ఒక కాగితం. కండువాలూ మెమెంటోలూ లేవు. ఒకాయన పెరుగన్నం దగ్గర నన్ను ఆపి, క్యాష్‌గా ఇస్తే 80జీ, అదే విరాళం మీద ఆదాయపన్ను మినహాయింపు, వస్తుందా అని అడిగారు. రెండు వేలు దాటితే రాదండీ, చెక్కో యూపీఐయో చెయ్యండి అన్నాను. ఇలాంటి సంభాషణ బఫే క్యూలో కుదరదు.

ఇక బిల్లు. ఆకుకి 480 రూపాయలని మాట్లాడుకున్నాం, 120 ఆకులు. చివర్లో ‘వడ్డన కుర్రాళ్ళకి వేరే’ అంటూ ఇంకో ఆరు వేలు కలిపారు. కొటేషన్‌లో ఆ ఊసే లేదు. సగం తగ్గిస్తానంటున్నాడు, పూర్తిగా తియ్యమంటున్నాను. మీరు పిలిస్తే వడ్డన మనుషుల కూలి, ఆటో ఖర్చు, పాత్రల అద్దె అన్నీ కలిపిన రేటు కాగితం మీద రాయించుకోండి. ఆషాఢంలో పెట్టుకుంటే పెళ్ళిళ్ళుండవు కాబట్టి బేరం కుదురుతుంది, ఆ వడ్డన పెద్ద కూడా దొరుకుతాడు. శ్రావణం వచ్చిందంటే ఆయన్ని ఎవరూ వదలరు. పెరుగు మాత్రం చెప్పిన లెక్క కంటే నాలుగు కిలోలు ఎక్కువ రాయించండి.