బీన్స్ సాళ్లకు తోడు ఏది మేలు: జొన్నా, ధనియాలా, బంతా, ఆముదమా?

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కూరగాయలు వేసేవాళ్లలో ఈమధ్య తోడు పంటల మాట బాగా వినిపిస్తోంది. మందు ఖర్చు తగ్గాలి, ఇంట్లో తినే కాయ మీద విషం ఉండకూడదు అనుకునేవాళ్లు పెరిగారు. మంచిదే. కానీ "బీన్స్ పక్కన బంతి వేస్తే పురుగు రాదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని, చేనంతా బంతి పెట్టి, ఆ తర్వాత తోడు పంటల మీదే నమ్మకం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నా లెక్క ముందే చెప్పేస్తాను. మన రెండు జిల్లాల్లో చేను చుట్టూ జొన్న, లోపల ధనియాలు మేలు. బంతికి మనవాళ్లు వేసిన పీట దాని పనికి మించినది. ఆముదం గట్టు మీద నాలుగైదు మొక్కలుంటే చాలు.

ఎందుకో చెప్పే ముందు పంట గురించి కొంచెం. బీన్స్ అని మనం కొనే ఫ్రెంచ్ బీన్స్ మధ్య అమెరికా, ఆండీస్ కొండల నుంచి వచ్చిన మొక్క. చల్లదనం కావాలి. ఎండ ముదిరితే పూత రాలిపోతుంది. నెల్లూరులో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, బీన్స్ వేరుకు నీరు నిలిస్తే పడదు. అందుకే పెద్ద వానలు వెనకపట్టాక, నవంబరు రెండో సగంలో ఎత్తు బోదెల మీద విత్తుకుంటే నయం. అర్క కోమల్ లాంటి పొద రకాలైతే పందిరి పని లేదు. జనవరి దాటాక విత్తాలనుకునేవాళ్లు బీన్స్ మానేసి అలసంద వేసుకోవడం మంచిది. అలసంద, చిక్కుడు వేరే జాతులే అయినా వాటి మీద పడే పురుగులు చాలావరకు ఇవే కాబట్టి ఇక్కడ చెప్పేది వాటికీ పనికొస్తుంది.

బీన్స్ మొక్క తనంతట తాను కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. ఆకు మీద వేలు రాస్తే పట్టుకున్నట్టు ఉంటుంది కదా, అవి కొక్కేల్లా వంగిన సన్నని నూగు వెంట్రుకలు. పచ్చదోమ పిల్లల కాళ్లు, పేనుబంక కాళ్లు వాటికి గుచ్చుకుని అక్కడే ఎండిపోతాయి. బాల్కన్ దేశాల్లో పూర్వం రాత్రిపూట మంచాల చుట్టూ బీన్స్ ఆకులు పరిచి, తెల్లారి నల్లులతో సహా ఊడ్చి తగలబెట్టేవాళ్లు. ఆకు ఆ నల్లిని ఎలా పట్టుకుంటుందో 2013లో అమెరికా శాస్త్రవేత్తలు మైక్రోస్కోపులో చూసి చూపించారు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ఆ కొక్కేలకు మిత్ర పురుగు, శత్రు పురుగు అన్న తేడా తెలియదు. చిన్న అక్షింతల పురుగు పిల్లలు కూడా చిక్కుకుంటాయి. మిత్ర పురుగులు దిగి, తిని, పెరగడానికి పక్కన ఇంకో మొక్క ఉండాలనడానికి నాకు కనిపించే గట్టి కారణాల్లో ఇదొకటి.

ఇక జొన్న. పప్పుజాతి పైర్ల చుట్టూ నాలుగు వరసల జొన్న గానీ మొక్కజొన్న గానీ సజ్జ గానీ రక్షక పంటగా వేయమని వ్యవసాయ శాఖవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. చాలామంది అది పురుగును ఆపే గోడ అనుకుంటారు. గోడే, కానీ అది అంతకంటే పెద్ద పని చేసేది వైరస్ విషయంలో. బీన్స్‌కు మొజాయిక్ తెగులు తెచ్చే పేనుబంక ఆ వైరస్‌ను తన సూదిలాంటి నోటి కొస మీద మోసుకొస్తుంది. రెక్కల పేనుబంక గాలికి కొట్టుకొచ్చి మొదట తగిలిన పచ్చటి అంచు మీద దిగుతుంది. అక్కడ జొన్న ఉంటే రుచి చూడడానికి రెండు మూడు చోట్ల గుచ్చుతుంది, తనకు పనికిరాదని లేస్తుంది. ఆ గుచ్చుళ్లలోనే నోటి కొస మీది వైరస్ చాలావరకు వదిలిపోతుంది. తర్వాత బీన్స్ మీద వాలినా రసం పీలుస్తుంది తప్ప తెగులు అంటించలేదు. నాలుగు వరసల జొన్న ఇంత పని చేస్తుందంటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఆకులు పసుపుబారే పల్లాకు తెగులు విషయంలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. దాన్ని మోసేది తెల్లదోమ. అక్కడ వైరస్ నోటి కొస మీద ఉండదు, పురుగు కడుపులోకి వెళ్లి లాలాజలంలోకి వస్తుంది, రోజుల తరబడి ఉంటుంది. జొన్నను ఎన్నిసార్లు గుచ్చినా పోదు. కాబట్టి తెల్లదోమకు జొన్న అడ్డం మాత్రమే, మందు కాదు. పెన్నా కింద వరి కోసిన మళ్లలో మినుము వేసి ఉంటే, దాని పక్కన బీన్స్ వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మినుము పసుపుబారడం మొదలైతే తెల్లదోమ అక్కడినుంచి ఇటు వస్తుంది. మొదట కనిపించిన పసుపు మచ్చల మొక్కను వెంటనే పీకి పూడ్చేయడమే దారి.

జొన్నకు ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. జొన్న మీద, మొక్కజొన్న మీద వచ్చే పేనుబంక వేరే జాతి, బీన్స్ జోలికి రాదు. అది ముందే వస్తే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు దాన్ని తిని పిల్లలు పెడతాయి. బీన్స్‌కు పేనుబంక పట్టే వేళకు చేను అంచున తినేవాళ్లు సిద్ధంగా ఉంటారు. జొన్న మీద పేనుబంక చూసి కంగారుపడి మందు కొట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: దయచేసి ఆ పని చేయకండి.

మరి జొన్నా, మొక్కజొన్నా? మెక్సికోలో మొక్కజొన్న కాడకు బీన్స్ తీగ పాకించి, కింద గుమ్మడి పరిచే పద్ధతి వేల ఏళ్లది. అది తీగ రకాలకు, అక్కడి వాతావరణానికి కుదిరింది. మనకు 2018 నుంచి మొక్కజొన్న మీద కత్తెర పురుగు ఉంది. చుట్టూ నాలుగు వరసలు వేసి వాటికే మందు కొట్టాల్సి వస్తే తోడు పంటకు అర్థమేముంది? పైగా మొక్కజొన్నకు నీళ్లు ఎక్కువ కావాలి. కనిగిరి, పామూరు వైపు బోరు నీటి మీద బతికే చేలకు జొన్నే నయం, పశువులకు చొప్ప కూడా మిగులుతుంది.

జొన్నతో నష్టం నీడ. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు కాబట్టి ఆరడుగుల జొన్న నీడ మధ్యాహ్నం వేళ కూడా నాలుగైదు అడుగులు ఉత్తరానికి పడుతుంది. దక్షిణపు గట్టు వైపు ఆ నాలుగైదు అడుగులు బీన్స్ లేకుండా వదలాలి. ఆ జాగా వృథా కాదు, ధనియాలు వేయొచ్చు, కొత్తిమీరకు కొంచెం నీడ ఇబ్బంది కాదు. చుట్టూ వేసే ఓపిక లేకపోతే ఈశాన్యం, తూర్పు వైపులైనా వేయండి, ఆ నెలల్లో గాలి అటునుంచే. బీన్స్ కంటే రెండు మూడు వారాల ముందే ఒత్తుగా విత్తాలి. రెండూ ఒకేరోజు విత్తితే బీన్స్ లేతగా ఉండి అసలు రక్షణ కావాల్సినప్పుడు జొన్న మోకాలెత్తు కూడా ఉండదు.

ధనియాల దారి వేరు. ఇది ఎవరినీ ఆపదు, మిత్రులకు అన్నం పెడుతుంది. పేనుబంకను తినే పిల్లలు పెట్టే సిర్ఫిడ్ ఈగలకు, చిన్న చిన్న పరాన్నజీవి కందిరీగలకు నోరు పొట్టిది, లోతైన పూలలో తేనె అందదు. కొత్తిమీర పూలు గొడుగులా విచ్చుకుని, తేనె పైపైనే ఉంటుంది. శనగలో ధనియాలు అంతర పంటగా వేసినప్పుడు కాంపోలెటిస్ అనే కందిరీగ బాగా చేరుతుందని పరిశోధనల్లో తేలింది. అది శనగపచ్చ పురుగు చిన్నగా ఉన్నప్పుడే దాని ఒంట్లో గుడ్డు పెడుతుంది, పురుగు కాయకు కన్నం పెట్టేంత పెద్దది కాకముందే చస్తుంది. ప్రకాశం నల్లరేగడిలో శనగ వేసేవాళ్లకు ఈ పురుగుతో ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. ఆ చేల పక్కన బీన్స్ వేస్తే శనగ కాయ ముదిరాక అదే పురుగు తల్లి రెక్కల పురుగులు ఇటు తిరుగుతాయి. శనగ ఆకు మీద మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాల పులుపు ఉంటుంది కాబట్టి పురుగు గుడ్లలోనే తన గుడ్డు పెట్టి వాటిని చంపే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ అక్కడ సరిగా పనిచేయలేదు. బీన్స్‌కు ఆ పులుపు లేదు, కాబట్టి ఆ అడ్డంకీ లేదు.

అసలు ధనియాల దగ్గర చాలామందికి తప్పేది ఒక్కచోటే: మొత్తం కొత్తిమీర కట్టలు కట్టి అమ్మేస్తారు. పూత రాని కొత్తిమీర కందిరీగకు దేనికి? కనీసం సగం సాళ్లు పూతకు వదలాలి. బీన్స్ అయితే విత్తిన ఐదారు వారాలకే పూతకొస్తుంది. కొత్తిమీర మొలక ఆలస్యం, పూత కూడా ఆలస్యమే. కాబట్టి ధనియాలను నలిపి బద్దలు చేసి, బీన్స్ కంటే పది పదిహేను రోజుల ముందే చల్లుకోవాలి. ఎత్తు తక్కువ, నీడ లేదు, అమ్ముకుంటే డబ్బు, మనకూ బీన్స్‌కూ ఒకే చలికాలం. ఇన్ని కుదిరే మొక్క ఇంకోటి నాకు కనిపించలేదు.

బంతి పనికిరాదని కాదు. టమాటాలో పదహారు సాళ్లకు ఒక సాలు బంతి వేసి శనగపచ్చ పురుగును దాని మొగ్గల మీదకు లాగే పద్ధతి బాగా పరీక్షించి చెప్పినదే. కానీ అందులో అసలు కిటుకు వయసు: సుమారు 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు కలిపి నాటాలి, రెండూ ఒకేసారి పూతకు రావాలని. బీన్స్ నేరుగా విత్తే పంట, త్వరగా పూతకొస్తుంది. నారు నెల ముందే పోసుకోకపోతే బంతి మొగ్గ వేసేసరికి బీన్స్ కోతలు సగం అయిపోతాయి. పైగా ఎర పంట అంటే ఎర మాత్రమే. మొగ్గల మీది గుడ్లు, పురుగులు ఏరి తీసేయకపోతే మనమే శత్రువును పెంచినట్టు. ఫిబ్రవరి ఎండ తగలగానే బంతికి ఎర్రనల్లి పడుతుంది, అది బీన్స్‌కు కూడా ఇష్టమైన పురుగే, ఇష్టమైన తిండి దగ్గర్లో ఉంటే వలస ఎంతసేపు? తామరపురుగులు బంతి పూలలో దాక్కుంటాయి. 2000లో అనంతపురం వేరుశనగను ఎండగొట్టిన కాండం కుళ్లు వైరస్ వయ్యారిభామ పుప్పొడితో, తామరపురుగులతో పాకింది. అప్పటినుంచి వేరుశనగ పక్కన పొద్దుతిరుగుడు, బంతి వద్దనే మాట ఉంది. సముద్రం వైపు ఇసుక నేలల్లో వేరుశనగ ఉన్న రైతులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ ఇసుక నేలల్లోనే బంతికి నిజమైన చోటు కూడా ఉంది: వేరుబుడిపెల నులిపురుగు. బంతి వేళ్లలోని పదార్థం దాన్ని అణిచేస్తుంది. కాకపోతే బీన్స్ మధ్యలో ఒక సాలు పెడితే చాలదు, బీన్స్‌కు ముందు ఆ నేలలో ఒత్తుగా బంతి పంట పండించాలి. పూలు కార్తీకంలో అమ్ముకుని, ఆ తర్వాత బీన్స్ విత్తుకోవచ్చు.

ఆముదం గురించి కందుకూరు పొగాకు రైతులకు నేను చెప్పాల్సింది లేదు. నారుమళ్ల చుట్టూ ఆముదం వేసి, లద్దె పురుగు గుడ్ల ముద్దలున్న ఆకులు తుంచేయడం వాళ్లకు పాత పనే. బీన్స్‌కు లద్దె పురుగు రెండో వరస శత్రువు. పక్కన పొగాకో వేరుశనగో ఉంటే గట్టు మీద ఆముదం పెట్టండి, లేకపోతే వద్దు.

ఈ నాలుగింటిలో ఏదీ చేయలేని పనులు రెండున్నాయి. మారుకా మచ్చల పురుగు పూలను గూడుగా అల్లుకుని లోపల కూర్చుంటుంది, దానికి మొగ్గ దశలోనే వేపగింజల కషాయం కొట్టాలి, ఎకరాకు 200 లీటర్ల నీటికి 10 కిలోల గింజల పొడి లెక్కన. గూళ్లు కనిపిస్తే చేత్తో తీయాలి. కాండం ఈగ పిల్ల ఆకులోంచి కాండంలోకి తొలుచుకుంటూ మొదలు దాకా దిగుతుంది. మొలిచిన రెండు మూడు వారాల్లో మొదళ్లకు మట్టి ఎగదోస్తే కొత్త వేళ్లు పుట్టి మొక్క నిలబడుతుంది. పక్కన ఏ పంట ఉన్నా ఈ రెండు పనులూ తప్పవు.

బీన్స్ పక్క మొక్కకు నత్రజని పంచుతుందన్న నమ్మకం ఉంది కాబట్టి ఒక మాట. పప్పుజాతుల్లో నత్రజని పట్టడంలో బీన్స్ వెనకబడిన మొక్క. పట్టిన కాస్తా ఎక్కువగా తర్వాతి పంటకే అందుతుంది, అదీ మొక్కలను నేలలో కలిపితేనే. అలా అని యూరియా ఎక్కువ వేస్తే ఆకు లేతబడి పేనుబంకకు విందు.

పది సెంట్ల చేను ఉందనుకుందాం. అక్టోబరు చివర్లో చుట్టూ నాలుగు వరసల జొన్న, నవంబరు మొదటి వారంలో దక్షిణపు గట్టు వెంట నాలుగైదు అడుగుల పట్టీలో, లోపల ప్రతి ఆరేడు సాళ్లకు ఒక సాలు ధనియాలు, నవంబరు మూడో వారంలో బీన్స్. చివరి కోత అయ్యేదాకా జొన్న కోయకండి. కోయాల్సి వస్తే లోపలి రెండు వరసలు తీసి, బయటి రెండు ఉంచండి.