గుడిని కదిలించాలా, కట్ట కట్టాలా, దారి మళ్ళించాలా: ఏది మేలు?

ఎండాకాలంలో శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గితే సంగమేశ్వరం గుడి మెల్లగా బయటపడుతుంది. మొదట శిఖరం, తర్వాత గోడలు, ఆఖరికి గడప. నీళ్ళు దిగిన కొత్తలో వెళ్తే గడప దగ్గర కాలు మడమదాకా ఒండ్రులో దిగబడుతుంది. నేను వెళ్ళినప్పుడు గోడ రాయి మీద వేలితో గీస్తే ఎండిన బురద పొరలు పొరలుగా రాలింది. లోపల వేపదారు లింగం అలాగే ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అని మా జేజి వేళ్ళు మడిచి ఏడు నదులూ లెక్కపెట్టేది. ఆ ఏడూ కలిసే చోటు ఇదేనని చెప్పేది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో నీళ్ళు నిలిచేసరికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ప్రాజెక్టు వద్దుండె అని నేను అనను. ఈ జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు తూము గుండా వచ్చే నీళ్ళు లేకపోతే సీమలో ఎన్ని చెరువులు ఎండిపోయేవో మనకు తెలుసు. కాకపోతే అదే నీళ్ళ ముందు పాత కట్టడాలు ఒకదానికొకటి పొంతన లేని మూడు దారులు పట్టాయి. ఒకటి మునిగింది, ఒకటి ఇల్లు మారింది, ఒకటి గోడ చాటున ఉండిపోయింది. ఓర్వకల్లులో విమానాశ్రయం వచ్చి, ఫ్యాక్టరీలు, ఊరి చుట్టూ కొత్త రోడ్లు వస్తున్న ఈ రోజుల్లో ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మన కర్నూలు వాళ్ళకు చాలా అవసరం.

ముందు కదిలించడం సంగతి. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లిలో ఉండిన చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మన ఊళ్ళోనే జగన్నాథగట్టు మీద ఉన్న రూపాల సంగమేశ్వరాలయం కూడా అట్లా ముంపు నుంచి తెచ్చినదే. శివరాత్రికి గట్టెక్కే వాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. పని చిన్నది కాదు. ప్రతి వరుసకూ బొమ్మ గీయాలి, ప్రతి రాయికీ పెయింటుతో నంబరు వేయాలి, పైనుంచి కిందికి విప్పి, లారీలకెక్కించి, కొత్త పునాది మీద కిందినుంచి పైకి పేర్చాలి. ఒక్క నంబరు తప్పితే ఆ వరుస కుదరదు. ఆ పని చేసిన కూలీలకు, శిల్పులకు, ఇంజనీర్లకు చేతులెత్తి దండం పెట్టాలి. రాళ్ళు దక్కాయి, శిల్పాలు దక్కాయి, పూజ దక్కింది.

దక్కనిది చోటు. సంగమేశ్వరుడు అంటేనే నదులు కలిసే చోటి దేవుడు. అలంపురంలో ఆ గుడి ముందు నిలబడితే సంగమం కనిపించదు. స్నానం చేసి తడిబట్టలతో మెట్లెక్కి లోపలికి వెళ్ళడం అనేది ఆ గుడికి ఇక లేదు. నాగార్జునకొండ కట్టడాలను కొండ మీదికి తరలించినప్పుడు కూడా ఇదే జరిగింది. చూడడానికి మిగిలాయి గానీ, లోయలో వాటి చుట్టూ ఉన్న ఊరు మిగల్లేదు. పైగా కదిలించడానికి ఎప్పుడూ కొన్నిటినే ఎంచుకుంటారు. ముంపు ఊళ్ళలోని చిన్న ఆంజనేయస్వామి గుళ్ళకు, పీర్ల చావిళ్ళకు, రచ్చబండలకు నంబర్లు వేసేదెవరు?

ఇంకో చిక్కు ఉంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గుడిని విప్పొచ్చు. హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్‌ను విప్పలేం. 17వ శతాబ్దపు అబ్దుల్ వహాబ్ సమాధి అది. సున్నంతో ఒకటై పోయిన గుమ్మటాన్ని పగలగొట్టడం తప్ప విప్పడం ఉండదు. అందుకే 'అవసరమైతే వేరే చోట కట్టిద్దాంలే' అనే మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆ మాట అనేవాళ్ళలో ఎక్కువమంది ఆ కట్టడం దేంతో కట్టారో చూసి ఉండరు.

ఇక కట్ట కట్టడం. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. పేరుకు బ్రహ్మలు గానీ అన్నీ శివాలయాలే. వాటిని కదపలేదు. నీళ్ళు ఊళ్ళోకి రాకుండా నది వైపు అడ్డు కట్టారు. దీంతో గుళ్ళు, శాసనాలు, బాలబ్రహ్మేశ్వరుడి నిత్యపూజ, చుట్టూ ఉన్న జనం అందరూ ఉన్నచోటే ఉన్నారు. నష్టం లేకపోలేదు. నదిని చూడాలంటే ఆ అడ్డు దాటాలి. అడ్డు కట్టి వదిలేస్తే సరిపోదు, ఊట చూసుకోవాలి, లోపల పడిన వాననీళ్ళు బయటికి పోయే దారి చూడాలి, అది ఏటేటా ఖర్చే. అయినా నన్ను అడిగితే కూడవెల్లి పద్ధతి కంటే అలంపురం పద్ధతే మేలు. కదిలించడం ఒకసారి చేసే పని, దాంతో పోయింది తిరిగి రాదు. కట్ట అంటే ఏటా చేసుకునే పని, ఒక ఏడు తప్పు జరిగితే మరుసటి ఏడు దిద్దుకోవచ్చు.

ఊరి మధ్యలో ఉన్న కట్టడాల లెక్క వేరు. అక్కడ ముంపు నీటిది కాదు, రోడ్లది, షట్టర్లది. కొండారెడ్డి బురుజు విజయనగర కాలపు కోటలో మిగిలిన ముక్క. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచాయని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. అప్పుడూ ఆ బురుజు అక్కడే ఉంది. 2009 అక్టోబరులో వరద ఊరిని ముంచినప్పుడూ అక్కడే ఉంది. దాన్ని కాపాడుతున్నది చట్టం. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. 2010 సవరణతో చట్టంలోకి ఎక్కిన రూలు ఇది.

ఈ రూలు వల్ల ఇబ్బంది పడేది పెద్ద బిల్డర్లు కాదు. ఆ వంద మీటర్లలో రెండు గదుల ఇల్లు ఉండి, కొడుకు పెళ్ళికి పైన ఒక గది వేసుకోవాలనుకునే మనిషి. అతని కోపం న్యాయమైనదే. రోడ్డు వెడల్పులో స్థలం పోయిన వాళ్ళకు మన రాష్ట్రంలో టీడీఆర్ బాండ్లు, అంటే పోయిన స్థలానికి బదులు వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు, ఇస్తున్నారు. పాత కట్టడం పక్కన ఉన్నందుకు మేడ వేసుకోలేని వాళ్ళకూ అలాంటిదే ఇవ్వాలి. బురుజు ఊరందరిదీ అయినప్పుడు దాని బరువు నాలుగు వీధుల మీదే ఎందుకు పడాలి?

చట్టం పేర్కొనని కట్టడాలకైతే వాడకమే రక్ష. మా పాతింటి మిద్దె గోడ గానుగ సున్నంతో కట్టినది. 'గట్టిగా ఉంటుంది' అని ఒక మేస్త్రీ మాట విని దాని మీద సిమెంటు పూయించాం. రెండు వానాకాలాలకు లోపలి తడి బయటికి పోలేక చౌడు పట్టి, సిమెంటు పెచ్చులతో పాటు కింది సున్నమూ ఊడి వచ్చింది. అరచేతిలో పట్టుకుంటే పిండిలా రాలింది. మనుషులు కాపురముంటూ, ఏడాదికోసారి సున్నం కొట్టుకుంటే ఆ గోడ మా తాత కాలం నుంచి నిలిచింది. తాళం వేసిన ఇల్లు, తప్పు మందు పూసిన ఇల్లు రెండూ ఒకటే. పాత బంగళాను గ్రంథాలయమో, ఆఫీసో చేస్తే కొంత మార్పు తప్పదు, కిటికీలో ఏసీ పెడతారు, వైర్లు లాగుతారు. అయినా కూల్చడం కంటే, బోర్డు పెట్టి గేటుకు తాళం వేయడం కంటే అదే మేలు.

ఈ పద్ధతులేవీ పనికిరాని చోట్లూ ఉన్నాయి. ఓర్వకల్లు వైపు కేతవరం గుట్టల్లో బండల మీద ఆదిమానవులు ఎర్రరంగుతో గీసిన బొమ్మలున్నాయి. ఎర్రగుడి దగ్గర గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి, 1929లో అవి బయటి ప్రపంచానికి తెలిశాయి. జొన్నగిరి బంగారు గని అదే ప్రాంతం. ఇవి గుండ్లు, కదిలించలేం. వాటిలో కాపురముండేవాళ్ళు లేరు, కట్ట కట్టి కాపాడడానికి వచ్చేది నీళ్ళూ కాదు. పేలుడు అదురు, క్రషర్ దుమ్ము, లారీల దారి వచ్చి మీద పడతాయి. ఇక్కడ ఒకటే దారి, రోడ్డును, క్వారీని, ప్లాటును ముందే పక్కకు జరపడం. భూమి కొనకముందు జరిపితే పటం మీద పెన్సిలు గీత చెరిపినంత పని. కొన్నాక జరపాలంటే కోర్టులు, కోట్లు.

కూడవెల్లిలో ప్రతి రాయికీ నంబరు వేసింది నీళ్ళు వచ్చేస్తున్నాయని తెలిశాక. ఓర్వకల్లుకు వేసే పటంలో ఫ్యాక్టరీ ప్లాట్లకు నంబర్లు ఉంటాయి. మొదటి ప్లాటుకు నంబరు పడకముందే కేతవరం గుట్టకు, ఆ చుట్టుపక్కల బొమ్మలున్న ప్రతి బండకు నంబరు పడాలి.