ప్రభుత్వ సాఫ్ట్‌వేర్: సొంత బృందమా, కాంట్రాక్టా? ఏది మేలు?

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే పాఠకుల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఒకటుంది. శాఖకు కొత్త సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చినప్పుడు టెండరు పిలిచి కంపెనీకి అప్పగించడం మేలా, లేక శాఖలోనే సాంకేతిక బృందాన్ని నియమించుకుని తయారుచేసుకోవడం మేలా? ఈ చర్చ సాధారణంగా ఖర్చు దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. నా దృష్టిలో ఖర్చు రెండో విషయం. వ్యవస్థ ప్రారంభమైన మర్నాడే ఒక నిబంధన మారితే, ఆ మార్పు చేయగలవారూ, చేసినది సరిగా ఉందో లేదో చెప్పగలవారూ ఎవరి కొలువులో ఉన్నారన్నదే ముందు తేల్చుకోవలసిన అంశం.

కాంట్రాక్టుకు ఉన్న బలాలు తక్కువేమీ కావు. పెద్ద సంఖ్యలో నిపుణులను కొద్ది నెలల కోసం తెచ్చుకుని, పని ముగిశాక పంపేయవచ్చు. వారి పదోన్నతులు, పింఛన్ల బాధ్యత శాఖ మీద పడదు. గడువు దాటితే జరిమానా వేయవచ్చు, ఆడిట్ వచ్చినప్పుడు చూపడానికి కాగితాలన్నీ క్రమంగా ఉంటాయి. అయితే ఒప్పందం సంతకమైన రోజున తెలిసిన అవసరాలకే కంపెనీ కట్టుబడి ఉంటుంది. ప్రభుత్వ నిబంధనలు అలా ఒకచోట నిలిచేవి కావు. ఉత్తర్వు ఈరోజు వెలువడుతుంది, గత సంవత్సరం నుంచే వర్తిస్తుంది. కంపెనీ చేంజ్ రిక్వెస్ట్, అంటే ఒప్పందంలో లేని మార్పుకు విడిగా రాతపూర్వక అభ్యర్థన, అడుగుతుంది. దానికి అంచనా, ఆర్థిక విభాగం అనుమతి, అనుబంధ ఒప్పందం కావాలి. అవి పూర్తయ్యేలోగా సెక్షన్‌లోని ఉద్యోగి పక్కన ఒక ఎక్సెల్ షీటు తెరిచి పని నడిపిస్తాడు. కొన్నాళ్లకు అసలు లెక్క ఆ షీటులోనే ఉంటుంది; వ్యవస్థలో ఉన్నది పైఅధికారులకు పంపే నివేదికలకు మాత్రమే పనికొస్తుంది.

కెనడా ప్రభుత్వం 2016 ఫిబ్రవరిలో ప్రారంభించిన ఫీనిక్స్ వేతన వ్యవస్థ ఇందుకు తగిన ఉదాహరణ. దాని నిర్మాణానికి 2011లోనే ఐబీఎంతో ఒప్పందం కుదిరింది. సుమారు 2,90,000 మంది ఉద్యోగుల జీతాలను, 80,000కు పైగా వేతన నియమాలను అది మోయవలసి ఉండగా, ఖర్చు పెరుగుతోందన్న కారణంతో బకాయిల లెక్కింపు వంటి కీలక సదుపాయాలను తొలగించారు లేదా వాయిదా వేశారు. ఆ నియమాలు కంఠతా తెలిసిన వేతన సిబ్బందిలో చాలామందిని అంతకు ముందే తగ్గించారు. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, వేటిని తొలగించాలో నిర్ణయించింది కంపెనీ కాదు, ప్రభుత్వ అధికారులే. తాము తొలగిస్తున్నది ఎంత ముఖ్యమైనదో తూచి చెప్పగల సాంకేతిక గొంతు వారి పక్కన బలంగా లేకపోయింది. 2018లో ఆ దేశ ఆడిటర్ జనరల్ దీనిని అర్థంకాని వైఫల్యంగా పేర్కొన్నారు.

అమెరికాలో 2013 అక్టోబరు 1న ప్రారంభమైన ఆరోగ్య బీమా వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ సంగతీ ఇంచుమించు ఇదే. పదుల సంఖ్యలో కాంట్రాక్టర్లున్నా, అందరి పనినీ కలిపి చూడవలసిన ప్రభుత్వ సంస్థకు ఆ సామర్థ్యం చాలకపోవడంతో మొదటిరోజు నమోదు పూర్తిచేయగలిగినవారు ఆరుగురే. బ్రిటన్ పోస్టాఫీసుల లెక్కలు చూసే హొరైజన్ వ్యవస్థ కథ మరింత దారుణం. ఫుజిట్సు నిర్వహించిన ఆ సాఫ్ట్‌వేర్ చూపిన నగదు లోటును నమ్మి, 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లను (శాఖా పోస్టాఫీసులు నడిపేవారిని) దోషులుగా తేల్చారు. లెక్క తప్పన్న బాధితుల మాటను స్వయంగా పరీక్షించే శక్తీ, అందుకు తగిన ఆసక్తీ ఆ సంస్థలో లేకపోతే పరిణామం అంతదాకా వెళ్తుంది.

ఇక సొంత బృందం విషయానికి వస్తే, బ్రిటన్ 2011లో ఏర్పాటు చేసిన గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ మరుసటి సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వ వెబ్‌సైటు గవ్ డాట్ యూకేను తెచ్చింది. రాసేవారు, రూపకల్పన చేసేవారు, కోడ్ రాసేవారు ఒకే గదిలో కూర్చోవడం వల్ల పౌరుడికి అర్థంకాని వాక్యాన్ని వెంటనే మార్చే వీలు కలిగింది. అలాగని ఈ మార్గంలో చిక్కులు లేవని కాదు. ప్రభుత్వ జీతానికి మంచి ఇంజనీర్లు నిలవడం కష్టం. వ్యవస్థ అంతా ఒక్కరి తలలోనే ఉండి, వారు బదిలీ కాగానే పని ఆగిపోవడం చాలా కార్యాలయాలకు అనుభవమే. పైగా ఒక్క నిర్ణయంతో బృందమే లేకుండా పోవచ్చు. 2014లో మొదలైన అమెరికా ప్రభుత్వ సాంకేతిక బృందం 18ఎఫ్‌ను 2025 మార్చిలో మూసివేశారు. అది రాసిన కోడ్‌లో చాలా భాగం బహిరంగంగా ఉన్నందువల్ల మిగిలింది గానీ, దానిని ఎందుకలా రాశారో చెప్పగలిగినవారు వెళ్లిపోయారు.

ఇన్ని లోపాలున్నా నా మొగ్గు సొంత బృందం వైపే. అయితే అది చిన్నదిగా ఉండాలి. సేవ మొత్తానికి బాధ్యత వహించే అధికారి ఒకరు, కోడ్ చదివి తప్పు పట్టగలవారు కొందరు, నిజమైన దరఖాస్తులతో పరీక్షించేవారు కొందరు శాఖలో శాశ్వతంగా ఉంటే, మిగిలిన చేతులను బయటినుంచి తెచ్చుకోవచ్చు. ఆ బృందానికి నేను పెట్టే పరీక్ష ఒకటే: కంపెనీ సహాయం లేకుండా ఒక చిన్న నిబంధనను మార్చి, పరీక్షించి, అమల్లోకి తేగలదా?

సిద్ధంగా దొరికే ఉత్పత్తులు ఈమెయిల్, సమావేశాల వంటి అన్ని కార్యాలయాలకూ సమానమైన పనులకు చాలు. ఒక ప్రభుత్వ సంస్థ చేసినదాన్ని మిగిలినవి వాడుకునే పద్ధతి కూడా మంచిదే; బ్రిటన్ శాఖలు సందేశాలు పంపడానికి ఉమ్మడిగా వాడే గవ్ డాట్ యూకే నోటిఫై అటువంటిది.

కాంట్రాక్టు తప్ప వేరే దారి లేని శాఖలు కనీసం సోర్స్ కోడ్ మొదటి రోజునుంచే తమ సర్వర్లలో ఉండాలనీ, డేటాను వాడుకునే రూపంలో ఎప్పుడడిగినా ఇవ్వాలనీ, చిన్న మార్పులకు నెలనెలా కొన్ని పనిగంటలు ముందే చేర్చాలనీ టెండరులోనే రాసుకోవాలి. పాత దస్త్రాల స్కానింగ్ వంటి ఒక్కసారితో ముగిసే పనులకైతే ఇంత ఆలోచన అక్కరలేదు, కాంట్రాక్టే మేలు.