పిచ్చుకల డబ్బా, తేనె సీసా, చెక్క గూడు: పదకొండు నెలలు వాడాక

నిరుడు మార్చి 20న పిచ్చుకల దినోత్సవం అని ఆన్‌లైన్లో ఆఫర్ కనబడితే ఆగలేక ఒకేసారి మూడు కొన్నాను. గింజలు పోసి వేలాడదీసే గొట్టం ఫీడర్ 449 రూపాయలు, పిట్టలు తాగడానికి చక్కెర నీళ్ళు పోసి వేలాడదీసే, ఎర్ర ప్లాస్టిక్ పువ్వులున్న తేనె సీసా 299, పిచ్చుక గూడు అని అమ్మే చెక్కపెట్టె 350. మాది రాజమండ్రి, పాత ఇల్లు, వెనక చిన్న దొడ్డి ఉంది, అందులో ఒక జామ, ఒక సపోటా, కరివేపాకు పొద, రెండు మందారాలు. కొనేముందు రివ్యూలు చదివితే అన్నీ ప్యాకింగ్ బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది అనే రకమే, పక్షి వచ్చిందో లేదో ఒక్కరూ రాయలేదు. అందుకే ఆగి ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు గొట్టం సంగతి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పారదర్శకమైన ప్లాస్టిక్, పైన ఆకుపచ్చ మూత, కింద పళ్ళెం, నాలుగు కన్నాలు, ఒక్కో కన్నం దగ్గర వాలడానికి ఒక పుల్ల. కిలో గింజలు పడతాయి. నేను దాన్ని బట్టలారేసే తీగకి కడుతుంటే అత్తయ్యగారు వసారాలోంచి చూసి "అమ్మాయ్, దీనికెంత పోశావు?" అన్నారు. రెండొందలు అన్నాను. ఆవిడ నమ్మలేదు, అయినా ఇంకేమీ అనలేదు.

తొమ్మిది రోజులు ఒక్క పిట్ట రాలేదు. ఇక దండగే అనుకుంటుంటే తెలిసిందేమిటంటే తప్పు డబ్బాది కాదు, నాది. నడి దొడ్లో, చుట్టూ ఏమీ లేని చోట కట్టాను. పిచ్చుక పిరికిది, తింటూనే నాలుగు దిక్కులా చూస్తుంది, డేగ నీడ పడితే క్షణంలో దూరడానికి దగ్గర్లో పొద ఉండాలి. అలాగని మరీ పొదకి ఆనించి కడితే పక్కింటి పిల్లికి పండగ. జామకొమ్మకి, మనిషెత్తులో, కరివేపాకు పొదకి నాలుగైదు అడుగుల దూరంలో కట్టాను. మూడో రోజు పొద్దున్నే గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక ఒకటి వచ్చి పళ్ళెం అంచున వాలి, తిని, వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆరు వచ్చాయి. ఈ ముక్క డబ్బా వచ్చిన అట్టపెట్టె మీద ఎక్కడా రాసి లేదు, వాళ్ళ బొమ్మలో అయితే పచ్చిక మైదానం మధ్యలో ఒంటరి స్తంభం, దానిమీద మన దేశంలో కనబడని ఏదో నీలం పిట్ట.

దాంతోపాటు ఉచితంగా ఇచ్చిన గింజల ప్యాకెట్ గురించి చెప్పాలి. అందులో సగం చారల పొద్దుతిరుగుడు గింజలు, వాటిని పిచ్చుకలు ముక్కుతో పక్కకి నెట్టేసి కింద పారేశాయి. మా పిచ్చుకల లెక్కలో మొదట కొర్రలు, తర్వాత నూకలు, ఆ తర్వాత సజ్జలు. పొద్దుతిరుగుడు గింజలకి మాత్రం రామచిలుకలు వచ్చాయి. 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించాక దీనికి కాస్త పొగరెక్కిందని నా అనుమానం, ఒకటి వచ్చిందంటే పుల్ల మీద తలకిందులుగా వేలాడుతూ మిగతావాటిని దగ్గరికి రానివ్వదు.

పావురాలు అసలు సమస్య. ఆ చిన్న పుల్ల మీద వాటికి కాలు నిలవదు, అది మంచిదే అనుకున్నాను, కానీ అవి రెక్కలతో డబ్బాని బాది గింజలన్నీ రాల్చి కింద కూర్చుని తీరిగ్గా తింటాయి. రాలిన గింజలకి రాత్రి ఎలుకలు. వాన పడ్డాక కుండీల్లో సజ్జ మొలకలు కూడా లేచాయి, అవి పీకలేక విసుగొచ్చింది. చివరికి పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు మాత్రమే పోయడం మొదలుపెట్టాను. కిలో పడుతుందన్న గొప్ప అక్కడితో సరి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఇది కట్టాలనుకునేవాళ్ళు రెండుసార్లు ఆలోచించండి. అక్కడికి పిచ్చుక కన్నా పావురమే ఎక్కువగా వస్తుంది, వాటి ఎండిన రెట్టల దుమ్ము రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఉత్తినే భయపెట్టడానికి చెప్పడం లేదు, నిజంగానే ఉన్న జబ్బు.

జూలైలో వానలు మొదలయ్యాక దీని అసలు బండారం బయటపడింది. మూత అంచులోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి, కింద పళ్ళేనికి నీరు పోయే కన్నం లేదు. రెండు రోజులు ఊళ్ళో లేను, వచ్చి చూస్తే కొర్రలు ముద్దకట్టి, బూజు పట్టి, వాసన. బూజు గింజలు పిట్టలకి మంచివి కావు, మొత్తం పారబోశాను. అమ్మిన వాళ్ళకి రాస్తే పార్సిల్ విప్పుతున్నప్పటి వీడియో పంపమన్నారు. నాలుగు నెలల తర్వాత వాన పడుతుందని పార్సిల్ విప్పేటప్పుడే ఎలా తీయాలండీ? నేనే మేకు కాల్చి పళ్ళేనికి ఐదు కన్నాలు పెట్టాను, ఆ రోజు నుంచి ఫర్వాలేదు. గొట్టం మూతి ఇరుకు, చెయ్యి దూరదు, సీసాలు కడిగే బ్రష్ తప్పనిసరి, వారానికోసారి కడిగి ఎండలో బాగా ఆరనిచ్చాకే మళ్ళీ పోయాలి. ఉడత గురించి ఒక్క ముక్క: మూడో వారానికే ఒక కన్నాన్ని కొరికి రెండింతలు చేసింది.

తేనె సీసాకి ఎక్కువ సమయం వృథా చెయ్యను. కొనకండి. అది గాల్లోనే రెక్కలాడిస్తూ నిలబడి తేనె తాగే హమ్మింగ్‌బర్డ్ అనే చిన్న పిట్ట కోసం చేసిన వస్తువు, హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవు. మనకున్నది తేనెపిట్ట, ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగడమే దాని అలవాటు. చక్కెర నీళ్ళు పోస్తే మా ఎండలకి ఒక్క రోజులో పులిసిపోయాయి, చీమలు తీగ పట్టుకుని బారులు తీరాయి. తేనెపిట్టలు ఆ సీసాకి రెండడుగుల దూరంలో ఉన్న ముద్ద మందారం దగ్గర రోజంతా తిరుగుతూ సీసా వంక కన్నెత్తి చూడలేదు. 299 రూపాయలకి ఒక మందారం, ఒక నూరువరహాల మొక్క వస్తాయి, ఇంకా చిల్లర మిగులుతుంది.

చెక్కపెట్టె బావుంటుందనుకున్నాను, కన్నం కొలవకుండా కొనడం నా తెలివితక్కువ. పిచ్చుకకి మూడు సెంటీమీటర్ల పైన కొంచెం ఉంటే చాలు, దీనికి ఐదున్నర ఉంది. కన్నం కింద పుల్ల ఒకటి పెట్టారు, పిచ్చుకకి అది అక్కర్లేదు, కాకికే ఉపయోగం. జూన్‌లో గోరింకల జంట రెండు రోజులు వచ్చి గోల గోలగా చూసి ఎందుకో వద్దనుకుని పోయింది. తర్వాత ఉడత కాపురం పెట్టింది, పీచు, గుడ్డపేలికలు, మా చిన్నోడి రబ్బరు బ్యాండ్ అన్నీ అందులోనే ఉన్నాయి. మా పిచ్చుకలు మాత్రం ముందు గుమ్మం పైన మీటరు పెట్టె వెనక సందులో గూడు కట్టాయి, పైసా ఖర్చు లేకుండా. అక్కడ పిల్లలకి అవి తెచ్చి పెట్టింది కొర్రలు కాదు, పురుగులు. అదే పనిగా మందారం మీదికి వెళ్ళి పురుగులు ఏరుకుని రావడం చూశాక మొక్కలకి మందు కొట్టడం మానేశాను. పిండినల్లి కాస్త ఎక్కువైంది, ఏం చేస్తాం.

ఈ వస్తువులన్నీ చలిదేశాల లెక్కతో చేసినవని నాకు ఎండాకాలంలో అర్థమైంది. అక్కడ మంచు పడితే పిట్టకి తిండి దొరకదు కాబట్టి డబ్బాలు. ఇక్కడ రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటాం, ఆ రోజుల్లో మా దొడ్లోకి వచ్చిన పిట్టలన్నీ నీళ్ళకే వచ్చాయి. బజారులో 60 రూపాయలకి వెడల్పాటి మట్టి మూకుడు కొని, రెండంగుళాల నీళ్ళు పోసి, కాలు ఆనడానికి రెండు గులకరాళ్ళు వేసి నీడలో పెట్టాను. గింజ ముట్టని పిగిలిపిట్టలు, గోరింకలు, వాటితోపాటు గువ్వలు, మధ్యాహ్నం రెండింటికి ఒక కోయిల, అందరూ మూకుడు దగ్గరే. కాకి మాత్రం ఎక్కడినుంచో ఎండు రొట్టె తెచ్చి అందులో నానబెట్టుకుని తింటుంది, రోజుకి రెండుసార్లు కడగాల్సి వస్తోంది. కడగకపోతే దోమలు కూడా గుడ్లు పెడతాయి, గుర్తుంచుకోండి. నేను కొన్నవాటిలో ఐదు నక్షత్రాలు ఇవ్వదగ్గది ఇదొక్కటే, దానికి రివ్యూ రాసే చోటు లేదు.

పిట్టల పేర్లు తెలియకపోతే మెర్లిన్ అని ఉచిత యాప్ ఉంది, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళది, కూత వినిపిస్తే అది ఏ పిట్టదో చెబుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షులు లెక్కపెడతారు, పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలు. మొన్న మేమూ కూర్చున్నాం, తొమ్మిది రకాలు వచ్చాయి, మా చిన్నోడు పక్కింటి కోడిని కూడా రాయమని ఏడ్చాడు.

గొట్టానికి మూడు నక్షత్రాలు, పళ్ళేనికి కన్నాలు పెట్టుకునే ఓపిక ఉంటేనే. పెట్టెకి రెండు, సీసాకి సున్నా ఇవ్వనివ్వరు కాబట్టి ఒకటి. సంక్రాంతికి అత్తయ్యగారు ఊరి నుంచి వరికంకుల కుచ్చు తెప్పించి చూరుకి కట్టించారు, గుళ్ళలో కడతారే అలాంటిది, జడలా అల్లి ఉంటుంది. డబ్బాకి తొమ్మిది రోజులు పట్టిందని చెప్పాను కదా, దీనికి గంట పట్టలేదు. పిచ్చుకలు, వాటితోపాటు రొమ్ము మీద పొలుసుల్లాంటి మచ్చలున్న మునియాలనే చిన్న పిట్టలు కూడా వచ్చి, కంకికొకటి వేలాడుతూ గింజ ఒలుచుకుని తిన్నాయి. పావురం దాన్ని పట్టుకోలేదు, వాన వచ్చినా చూరు కింద తడవదు. అత్తయ్యగారు అప్పుడు కూడా ఏమీ అనలేదు, నా వైపు చూసి కాఫీ అడిగారంతే.

ఇప్పుడు ఆ కుచ్చులో గడ్డే మిగిలింది. ఇంకొకటి కావాలంటే దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలదాకా ఆగాలట. అప్పటిదాకా కన్నాల పళ్ళెంలో కొర్రలే.