ఇన్‌స్టిట్యూషనలైజ్: 'సంస్థాగతం చేయడం' అనాలా, విడమర్చి రాయాలా?

అనువాదం చేసేవాళ్లకి ఈ మాట తగిలిందంటే టెన్షనే.

శ్రమ: 'సంస్థాగతం చేయడం' అని రాసేస్తే క్షణంలో పని అయిపోతుంది. విడమర్చాలంటే ఒక్కోసారి వాక్యమంతా తిరగరాయాలి.

చోటు: మొదటిదానికి రెండు పదాలు చాలు. రెండోది హెడ్డింగులో పట్టదు.

ప్రమాదం: అసలు పేచీ ఇక్కడే. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ హోదా, ఐదేళ్ల పదవీకాలం ఇచ్చింది. అక్కడ 'స్థానిక పాలనను సంస్థాగతం చేసింది' అంటే అతికినట్టు సరిపోతుంది. అదే క్రియ మనిషికి తగిలిస్తే? 'ఆమెను సంస్థాగతం చేశారు' అని ఓ డ్రాఫ్టులో చదివి, ఆవిడకేదో పదవి ఇచ్చారనుకున్నాను. తీరా చూస్తే మానసిక వైద్యశాలలో చేర్పించారట! మానసిక వైద్యశాల ఉన్న చోటు కాబట్టి 'ఎర్రగడ్డ' అంటే హైదరాబాద్‌లో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది గానీ, అది వెటకారపు మాట, రాతలో వద్దు.

ఇంకో అర్థం మరీ చిక్కు. ఏళ్ల తరబడి జైల్లోనో హోమ్‌లోనో ఉండి, తలుపు తీసి ఉన్నా ఎవరైనా చెప్పేదాకా కదలని మనిషి. దీనికి ఒక్క పదం వెతకడం దండగ. 'నాలుగు గోడలకీ అలవాటు పడిపోయాడు' అనండి.

జీవోలు, పాలసీ రిపోర్టులు, పద్ధతులు, పథకాల గురించైతే 'సంస్థాగతం' వాడుకోవచ్చు. వివక్ష లాంటి చెడు గురించైతే నేను 'వ్యవస్థలో పాతుకుపోయిన' అంటాను. వాక్యంలో మనిషి కనిపిస్తే మాత్రం విడమర్చాల్సిందే.